చమురు బావి మీ ప్రాంతానికి వస్తే: ఐదు విధానాల్లో ఏది అడగాలి?

కోనసీమలోనో కృష్ణా జిల్లా తీరంలోనో కొత్తగా రిగ్గు దిగిందంటే ఊళ్లో రెండు మాటలు వినిపిస్తాయి. వద్దంటే వద్దని కొందరు, మా పిల్లలకు ఉద్యోగాలిస్తే రానిద్దామని కొందరు. ఈ రెండింటికీ మధ్య ఇంకా దారులున్నాయి. తమిళనాడు, రాజస్థాన్, అస్సాం, గుజరాత్ ఇప్పటికే తలో దారిలో నడిచి చూశాయి. దేశం బయట అలాస్కా మరో పద్ధతి పట్టింది. ఏ దారిలో ఉద్యోగాలు ఎక్కడ పుట్టాయి, డబ్బు ఎవరికి చేరింది, నష్టం ఎవరి నెత్తిన పడిందన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, గ్రామసభలో ఏం అడగాలో, ఎమ్మెల్యేని ఏం నిలదీయాలో తేలుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

బావి నేల మీదా, సముద్రంలోనా? అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. నేల మీది బావికి రాయల్టీ, అంటే తీసిన చమురు, గ్యాస్ విలువలో కంపెనీ ప్రభుత్వానికి కట్టే వాటా, రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం సముద్ర గర్భంలోని ఖనిజాలు కేంద్రానివి కాబట్టి, సముద్రపు బావి రాయల్టీ కేంద్రానికి పోతుంది. కాకినాడ తీరానికి ఎదురుగా కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ రావడం మొదలైంది. అది గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరినా రాయల్టీలో ఆంధ్రప్రదేశ్‌కు వాటా లేదు. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ లోతు సముద్రంలో మొదలుపెట్టిన 98/2 బ్లాకు చమురుదీ ఇదే కథ. కాబట్టి సముద్రపు బావిని చూపించి రాయల్టీతో జిల్లా బాగుపడుతుందని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మకండి.

నేల మీది బావికి ఎంత వస్తుంది? 2016లో వచ్చిన కొత్త లైసెన్సు విధానం కింద ముడి చమురుకు 12.5 శాతం, గ్యాస్‌కు 10 శాతం. ఓఎన్‌జీసీకి పాత పద్ధతిలో నేరుగా కేటాయించిన నేల మీది క్షేత్రాల్లో చమురుకు 20 శాతం. ఉదాహరణకు రోజుకు 100 పీపాలు ఇచ్చే బావి, బావి దగ్గర ధర పీపాకు 65 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. 12.5 శాతం చొప్పున రోజుకు సుమారు 69 వేలు, ఏడాదికి రెండున్నర కోట్లు. అందులో బావి ఉన్న పంచాయతీకి చట్టప్రకారం రావాల్సింది ఏమీ లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. బొగ్గు, ఇనుము, సున్నపురాయి గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది కదా, మాకూ ఉంటుందనుకుంటారు. ఆ నిధి గనుల చట్టం కింద పుట్టింది. ఆ చట్టం ఖనిజం అనే మాటకు అర్థం చెప్పేటప్పుడే ఖనిజ తైలాలను పక్కన పెట్టింది. సింగరేణి బొగ్గు పల్లెకు ఉన్న హక్కు కోనసీమలోని తాటిపాక పల్లెకు లేదు.

ఎవరి చేతిలో ఏముంది? చమురు క్షేత్రాల నియంత్రణ కేంద్ర జాబితాలో 53వ అంశం. అయినా నేల మీద లైసెన్సు, లీజు మంజూరు చేసేది కేంద్రం అనుమతితో రాష్ట్ర ప్రభుత్వమే. భూమి, కాలుష్య నియంత్రణ మండలి, రోడ్లు, సహజ వాయువు మీద వ్యాట్ కూడా రాష్ట్రం చేతిలోవే. పూర్తిగా ఆపే బలం తక్కువైనా, షరతులు పెట్టే బలం రాష్ట్రానికి చాలానే ఉంది. ఆ బలాన్ని వాడుకున్నది మాత్రం తక్కువ.

ఉద్యోగం ఏ దశలో పుడుతుంది? రిగ్గు తన మనుషుల్ని వెంటేసుకుని వస్తుంది. పన్నెండు గంటల షిఫ్టులు, సాధారణంగా పద్నాలుగు రోజులు పని, పద్నాలుగు రోజులు సెలవు. అన్ని షిఫ్టులూ కలిపి వంద మంది లోపే. తవ్వకం కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు. ఆ కొద్ది కాలంలో స్థానికులకు దొరికేవి కాపలా, వంట, నీళ్ల ట్యాంకరు, కార్లు, మట్టి పనులు. బావి సిద్ధమయ్యాక చెట్టులా కనిపించే వాల్వుల అమరిక ఒకటి బిగించి, గ్యాస్ సేకరణ కేంద్రానికి పైపు కలుపుతారు. అప్పటినుంచి ఒక్కో బావిని చూసుకోవడానికి ఇద్దరు ముగ్గురు చాలు. ఎక్కువ ఉద్యోగాలు బావి దగ్గర కాదు, దాని గ్యాస్ చేరే చోట పుడతాయి. కింద చెప్పే ఐదు విధానాలనూ ఈ కొలతతోనే చూడాలి.

నష్టం ఎవరిది? 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో ఎగసిన మంట ఆరడానికి రెండు నెలలు దాటింది. 2014 జూన్ 27న కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండోది బావి కాదు, పైపు. ప్రమాదాన్ని లెక్కేసేటప్పుడు ఊరి పక్క రిగ్గునే కాదు, ఇంటి కింద వెళ్లే గొట్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

## 1. తమిళనాడు దారి: కొత్త తవ్వకానికి నిషేధం

నెడువాసల్, కదిరామంగళం ఊళ్లలో తవ్వకానికి వ్యతిరేకంగా లేచిన ఉద్యమాల తర్వాత 2020 ఫిబ్రవరిలో తమిళనాడు రక్షిత వ్యవసాయ మండల చట్టం చేసింది. తంజావూరు, తిరువారూరు, నాగపట్నం జిల్లాలు, కడలూరు, పుదుక్కోట్టైలలోని కొన్ని బ్లాకులు దాని పరిధి. అక్కడ కొత్తగా చమురు, సహజ వాయువు, బొగ్గు పొరల మీథేన్, షేల్ గ్యాస్ తవ్వకూడదు.

వ్యవసాయ కూలీకి ఇది నిజమైన రక్షణ. డెల్టాలో ఒక ఎకరం వరి మీద నాట్ల నుంచి మిల్లు దాకా ఎంతమంది బతుకుతారో, బావికి ఇచ్చిన ఎకరం మీద అంతమంది బతకరు. అలాగని చట్టం సర్వం కాపాడిందనుకోకూడదు. అప్పటికే నడుస్తున్న బావులను అది ముట్టుకోలేదు. సముద్రం దాని పరిధిలో లేదు. మండలం గీత దాటితే తవ్వకానికి దారి తెరిచే ఉంది. 2025లో రామనాథపురం జిల్లాలో బావులకు పర్యావరణ అనుమతి రావడం, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోమనడం అందుకే జరిగాయి. ఇంకొకటి, నిషేధం ఉన్న పనిని కాపాడుతుంది తప్ప కొత్త పనిని పుట్టించదు. కొబ్బరి పీచు, వరి శుద్ధి, చేపల నిల్వ లాంటి వాటికి వేరే ప్రణాళిక లేకపోతే యువకులు హైదరాబాద్ బస్సెక్కడం ఆగదు.

## 2. రాజస్థాన్, అస్సాం దారి: చమురు తీసుకెళ్లండి, రిఫైనరీ మాకు పెట్టండి

అస్సాం దీన్ని పోరాడి సాధించుకుంది. డిగ్బోయ్‌లో 1901 నుంచే రిఫైనరీ ఉన్నా, కొత్త క్షేత్రాల చమురును బయటి రాష్ట్రానికి తరలిస్తారని తెలిసి 1957లో ఉద్యమం లేచింది. ఫలితంగా 1962లో గువాహటి రిఫైనరీ వచ్చింది. 1985 అస్సాం ఒప్పందంలో పెట్టిన షరతుతో నుమాలీగఢ్ రిఫైనరీ వచ్చింది. అందులో రాష్ట్ర ప్రభుత్వ వాటా ఇప్పుడు 26 శాతం. అంటే ఉద్యోగాలతోపాటు డివిడెండు కూడా వస్తుంది, అదీ తవ్వకం నష్టభయం నెత్తిన వేసుకోకుండా. ఆ నష్టభయం ఎలా ఉంటుందో 2020 మే 27న బాగ్‌జాన్ బావి చూపించింది. జూన్ 9న అంటుకున్న మంటలో ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, బావిని పూర్తిగా అదుపు చేసేసరికి నవంబరు వచ్చింది.

రాజస్థాన్ కథ జాగ్రత్తగా చదవాల్సింది. బాడ్‌మేర్‌లో మంగళ క్షేత్రం 2004లో దొరికింది, 2009 ఆగస్టులో చమురు మొదలైంది. రిఫైనరీకి 2013లో ఒకసారి, 2018లో మరోసారి పని ప్రారంభించారు. మొదటి ఒప్పందంలో రాష్ట్రం ఏటా 3,736 కోట్ల వడ్డీలేని అప్పు పదిహేనేళ్లపాటు ఇవ్వాలి, మొత్తం 56,040 కోట్లు. 2017లో మళ్లీ మాట్లాడుకుని దాన్ని ఏటా 1,123 కోట్లకు దించారు. అంచనా వ్యయం మాత్రం 43,129 కోట్ల నుంచి 72 వేల కోట్లు దాటింది. 90 లక్షల టన్నుల సామర్థ్యంలో స్థానిక చమురు 15 లక్షల టన్నులే, మిగతా 75 లక్షలూ దిగుమతి. బాడ్‌మేర్ చమురు మైనంలా గడ్డకట్టే రకం, పైపును వేడి చేస్తూ గుజరాత్ తీరం దాకా పంపుతారు. దానికి తోడు రిఫైనరీ కట్టేలోపే బావుల దిగుబడి తగ్గుతూ వచ్చింది.

అంటే రిఫైనరీ బావి పక్కనే ఉండాలన్న నియమం లేదు. ఓడరేవు ఉంటే చాలు. రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ ప్రతిపాదన అలాంటిదే. కేజీ బేసిన్ నేల మీద దొరికేది ప్రధానంగా గ్యాస్. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులే. కోనసీమకు పెద్ద రిఫైనరీ ఇస్తామనే హామీ ఎన్నికల సభలో బాగుంటుంది, లెక్కకు నిలవదు. పైగా కట్టేటప్పుడు వేలల్లో ఉండే పనివాళ్లు, నడిచేటప్పుడు వందలకు పడిపోతారు. ఆ వేలల్లో ఎక్కువమంది వలస కూలీలే.

## 3. గుజరాత్ దారి: రాష్ట్రమే రంగంలోకి దిగడం

ఇది రెండు ముఖాల కథ. మొదటిది మన తీరంలోనే జరిగింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ కాకినాడ దగ్గర సముద్రంలో తవ్వి, 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. లోపలి పీడనం, వేడి విపరీతం. రాయి గట్టిది, గ్యాస్ సులువుగా కదలదు. తేలిన నిల్వ ప్రకటనకు దరిదాపుల్లో లేదు. అప్పు 19 వేల కోట్లు దాటింది. చివరికి 2017లో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి సుమారు 120 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. ఆ డబ్బు గుజరాతీల పన్ను డబ్బు, వలలు పాడైంది మన మత్స్యకారులవి.

రెండో ముఖం ఎక్కువమంది గమనించరు. తవ్వకంలో దెబ్బతిన్న ఆ రాష్ట్రమే గొట్టాల్లో గెలిచింది. ఊరూరా గ్యాస్ పైపులు, దహేజ్ దగ్గర దిగుమతి టెర్మినల్, వాటి చుట్టూ పరిశ్రమలు. మోర్బీ టైల్స్ పరిశ్రమ 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బొగ్గు నుంచి గ్యాస్ తీసే గ్యాసిఫయర్లను ఆపినప్పుడు గ్యాస్‌కు మారగలిగింది, ఎందుకంటే పైపు అప్పటికే గుమ్మంలో ఉంది. ఉద్యోగాలు అక్కడున్నాయి: టైల్స్, గాజు, రసాయనాలు, ఎరువులు.

మనకు ఎదురు ఉదాహరణ కూడా ఉంది. డీ6 గ్యాస్ వస్తుందని గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో గ్యాస్ విద్యుత్ కేంద్రాలు కట్టారు. దిగుబడి పడిపోయింది, ఉన్న కొంచెం కేటాయింపులో ఎరువులకు ముందు వరస, 2013 మార్చికి విద్యుత్తుకు ఆ గ్యాస్ ఆగిపోయింది. ఒక్క బావి మీద, ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే జరిగేది అది.

## 4. ఇప్పుడున్న దారి: రాయల్టీ ఖజానాకు, ఊరికి సీఎస్ఆర్

ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్నది ఇదే. రాయల్టీ ఖజానాలో కలిసిపోతుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి ఉంటుంది, బడికి గదో, బస్టాపో, మంచినీటి ప్లాంటో వస్తుంది. అది కంపెనీ నిర్ణయం, ఊరి హక్కు కాదు. ఈ విధానాన్ని ఎవరూ కోరి ఎంచుకోలేదు, ఏమీ అడగని చోట అదే మిగిలింది.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. పెట్రోలియం లాంటి ప్రమాదకర పరిశ్రమలు మినహాయింపు అడగడానికి అందులోనే వీలుంది. అలాంటి హరియాణా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఓఎన్‌జీసీ ఇంజనీరు పోస్టులు దేశమంతటికీ కలిపి పోటీ పద్ధతిలో నింపుతారు. కోటా చట్టం మీద ఆశలు పెట్టుకోకపోవడం మంచిది.

## 5. అలాస్కా దారి: రాయల్టీలో వాటా చట్టంలో రాసుకోవడం

1976లో అలాస్కా తన రాజ్యాంగంలో రాసుకుంది: ఖనిజ రాయల్టీలో కనీసం 25 శాతం శాశ్వత నిధిలో వేయాలి, అసలు ముట్టకూడదు. 1982 నుంచి ఏటా ప్రతి నివాసికీ డివిడెండు పంచుతున్నారు. 2020లో 992 డాలర్లు, 2022లో 3,284 డాలర్లు. అదే 1976లో కెనడాలోని అల్బర్టా కూడా 30 శాతం జమ చేస్తూ నిధి మొదలుపెట్టింది. తర్వాత వాటా తగ్గించి, 1987లో జమ ఆపేసింది. ఒకటి రాజ్యాంగంలో ఉంది, మరొకటి ఆ ఏటి ప్రభుత్వం చేతిలో ఉంది. తేడా అక్కడే వచ్చింది.

ఇందులో చిక్కూ ఉంది. డివిడెండు అలవాటయ్యాక దాన్ని తగ్గించడం ఏ ప్రభుత్వానికైనా కష్టం, అది బడుల బడ్జెట్టుతో పోటీ పడుతుంది. మన దగ్గర నగదు పంపకం కన్నా స్థానిక నిధి నయం. దేశంలో దానికి నమూనా ఉంది: హిమాచల్ ప్రదేశ్ జల విద్యుత్ ప్రాజెక్టుల నుంచి అదనంగా ఒక శాతం ఉచిత విద్యుత్తు విలువను స్థానిక అభివృద్ధి నిధికి మళ్లిస్తోంది. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రం సొంత డబ్బు కాబట్టి, అందులో ఇంత శాతం బావి ఉన్న మండలానికి అని అసెంబ్లీ చట్టం చేసుకోవచ్చు. కేంద్రాన్ని బతిమాలక్కర్లేదు.

## పక్కపక్కన పెడితే

| విధానం | స్థానిక ఉద్యోగాలు | ఊరికి డబ్బు | ప్రభుత్వానికి నష్టభయం | సముద్రపు బావికి పనికొస్తుందా |
|---|---|---|---|---|
| నిషేధ మండలం | ఉన్న సాగు పనులు నిలుస్తాయి | కొత్తగా రాదు | రాయల్టీ వదులుకోవడం | రాదు |
| రిఫైనరీ షరతు | కట్టేటప్పుడు ఎక్కువ, తర్వాత వందల్లో | పన్ను, వాటా ఉంటే డివిడెండు | చాలా ఎక్కువ | వస్తుంది, రేవు ఉంటే |
| రాష్ట్రమే తవ్వడం | తక్కువ | అనిశ్చితం | అన్నిటికన్నా ఎక్కువ | వస్తుంది, కానీ వద్దు |
| గ్యాస్ గొట్టాలు, చుట్టూ పరిశ్రమలు | నిలకడగా, చెల్లాచెదురుగా | వ్యాట్, జీతాలు | మధ్యస్థం | బాగా వస్తుంది |
| ఖజానా, సీఎస్ఆర్ | దాదాపు లేవు | కంపెనీ దయ | తక్కువ | నామమాత్రం |
| చట్టంలో స్థానిక వాటా | నేరుగా లేవు | హక్కుగా వస్తుంది | తక్కువ | రాయల్టీ లేదు కాబట్టి రాదు |

గుజరాత్ దారిని పట్టికలో రెండు వరుసలుగా విడదీయడానికి కారణం పైన చెప్పిందే: ఒకటి మునిగింది, ఒకటి నిలబడింది.

## ఎవరికి ఏది

కొబ్బరి, వరి రైతుకు బావి కన్నా పైపులైను పెద్ద సమస్య. 1962 పైపులైన్ల చట్టం కింద భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. దానికి ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం. ఆ తర్వాత ఆ పట్టీ మీద ఇల్లు, చెరువు, బావి, చెట్టు కుదరవు. వరి వేసుకోవచ్చు, కొబ్బరి వేయలేరు. 20 మీటర్ల వెడల్పున 200 మీటర్లు వెళ్తే దాదాపు ఎకరం. 7.5 మీటర్ల దూరంలో నాటిన తోటైతే 70 చెట్లు పోతాయి. 50 లక్షల ఎకరానికి హక్కు పరిహారం 5 లక్షలు, చెట్ల నష్టం వేరు. ఆ చెట్టు లెక్కలో దిగుబడి ఎన్నేళ్లకు కట్టారో చూసుకోవాలి. పరిహారం ఒప్పకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లే హక్కు అదే చట్టంలో ఉంది. ఈ రైతు అడగాల్సింది పరిమిత నిషేధం: తోటలు, మంచినీటి చెరువులు, ఇళ్ల మధ్య కొత్త పైపు వేయకుండా రోడ్డు, కాలువ గట్ల వెంట దారి మళ్లించడం.

మత్స్యకారుడికి రాయల్టీ చర్చే అనవసరం. అతనికి కావాల్సింది వేట ఆగిన నెలల లెక్క. 2023 నవంబరులో ఓఎన్‌జీసీ పైపులైను పనుల పరిహారంగా కాకినాడ, కోనసీమ జిల్లాల్లో 23,458 కుటుంబాలకు 161.86 కోట్లు ఇచ్చారు. కుటుంబానికి నెలకు 11,500 చొప్పున ఆరు నెలలకు 69 వేలు. ఈ లెక్కలో రెండే రెండు చోట్ల బేరం ఉంటుంది: జాబితాలో ఎవరున్నారు, ఎన్ని నెలలు. పడవ యజమానితోపాటు కూలికి వెళ్లే కళాసీ, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లు జాబితాలో ఉండాలని పని మొదలుకాకముందే రాయించుకోవాలి.

ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లకు ఊళ్లో బావి రావడం, ఉద్యోగం రావడం రెండూ వేర్వేరు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులకు గిరాకీ ఉంటుంది. వెల్డరైతే ఏటవాలుగా బిగించిన పైపును అతికే 6జీ స్థాయి అర్హత లేకుండా లోపలికి రానివ్వరు. రిగ్గు మీద ఎదగాలంటే బావి పీడనాన్ని అదుపు చేయడం వచ్చని చెప్పే వెల్ కంట్రోల్ సర్టిఫికెట్ కావాలి, ఖర్చు పెద్దదే. స్థానిక నిధి నుంచి ఈ శిక్షణ ఫీజు కట్టమని అడగడం కోటా అడగడం కన్నా ఫలితమిస్తుంది. కోటా ఉద్యోగం రిగ్గుతోపాటే వెళ్లిపోతుంది, సర్టిఫికెట్ గల్ఫ్‌లో కూడా చెల్లుతుంది.

చిన్న కాంట్రాక్టరుకు, లాడ్జి, క్యాంటీన్ నడిపేవారికి సేకరణ కేంద్రం, టెర్మినల్ ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. రిగ్గును నమ్మి అప్పుచేసి వాహనాలు కొనకండి. తవ్వకం ముగియగానే అద్దె ఆగిపోతుంది.

## కోనసీమకైతే

పూర్తి నిషేధం కోసం బలమంతా ఖర్చు చేయడం కన్నా మూడింటిని కలిపి అడగడం మేలు. తోటలు, నీటి వనరుల చుట్టూ తమిళనాడు తరహా గీత, చిన్నదిగా, పటం మీద స్పష్టంగా. నేల బావుల రాయల్టీలో స్థానిక వాటాకు అసెంబ్లీ చట్టం. గ్యాస్ ఒడ్డుకు చేరే చోటి నుంచి గుజరాత్ తరహాలో పరిశ్రమలకు పైపులు, ఒక్క పెద్ద కొనుగోలుదారుకు కాకుండా చాలామంది చిన్నవాళ్లకు. రిఫైనరీ, రాష్ట్రమే తవ్వడం, ఈ రెండూ పక్కన పెట్టొచ్చు.

ఇవి ఎప్పుడు అడగాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. 2020 జనవరి సవరణతో అన్వేషణ బావులకు బహిరంగ విచారణ అక్కర్లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు వచ్చేసరికి విచారణ ఉంటుంది, కానీ అప్పటికి గ్యాస్ దొరికి కంపెనీ ఖర్చు పెట్టేసి ఉంటుంది, బేరం కష్టం. అందుకే భూమి లీజుకు అడిగే రోజే గ్రామసభ తీర్మానంలో ఇవి చేర్చాలి: తవ్వకానికి ముందు చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్ష, ఉప్పు శాతంతో సహా, ఆ నివేదిక పంచాయతీలో ఒక ప్రతి. నేల కుంగుతోందో లేదో తెలిసేలా ఎత్తు కొలిచే స్థిర గుర్తులు, ఏటా మళ్లీ కొలత. తవ్వకం బురద గుంటకు ప్లాస్టిక్ పరుపు, బావి ఎండితే భూమిని పాత స్థితికి తెచ్చే గడువు. ప్రమాదమైతే ఖాళీ చేయించే దారి, సైరన్, ఏటా ఒక డ్రిల్లు.

ఇప్పటికే నడుస్తున్న బావుల ఊళ్లకూ ఒక అవకాశం ఉంది. 1959 నిబంధనల కింద ఇచ్చిన లీజులు సాధారణంగా 20 ఏళ్లవి. గడువు ముగిసి పొడిగింపు ఫైలు రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చే సంవత్సరం ఏదో సమాచార హక్కు దరఖాస్తుతో ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోండి.